వికీపీడియాలో మన ఊరి సంగతికి కూడా మూలం ఇవ్వాలా?

ఇవ్వాలి, మీరు విజయవాడలోనే పుట్టి పెరిగినా, వికీపీడియాలో రాసే సంగతికి ప్రచురితమైన ఆధారం చూపాలి. అక్కడ ఎవరైనా రాయొచ్చు, రాసిందెవరో చదివేవాళ్లకు తెలీదు. అందుకే వాళ్లు సరిచూసుకోగలిగే పుస్తకమో పత్రికో ఉండాలి.

ప్రకాశం బ్యారేజీనే తీసుకోండి. కృష్ణపై పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1957లో. రెండూ రాసేసి వ్యాసం చివర ఒక లింకు పడేస్తే ఏది ఎక్కడిదో తేలదు. ఏ వాక్యానికి ఆ వాక్యం పక్కనే రెఫ్ ట్యాగ్ (మూలం వివరాలు రాసే <ref></ref> గుర్తు) పెట్టి, అందులో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పేజీ నంబరు ఇవ్వండి. పేజీ నంబరే చాలామంది వదిలేస్తారు. అది లేకుండా లావుపాటి పుస్తకంలో ఒక్క తేదీ వెతకడమంటే చదివేవాళ్లకు నరకమే.

"ఇంగ్లీషు వికీపీడియాలో ఉంది కదా, అదే మూలం" అనుకోవడం ఎక్కువగా కనిపించే పొరపాటు. ఒక వికీ వ్యాసం ఇంకో వికీ వ్యాసానికి మూలం కాదు. దాని కింద ఇచ్చిన పుస్తకాన్నో వార్తనో మీరే తెరిచి, ఆ సంగతి అందులో నిజంగా ఉందని చూశాకే ఇక్కడ ఇవ్వాలి. మూలం ఆన్‌లైన్‌లోనే దొరకాలన్న నియమమూ లేదు; గ్రంథాలయంలో ఉన్న పాత అచ్చు పుస్తకమైనా, నమ్మదగినదైతే చెల్లుతుంది.