జపాన్ వసంతంలో ఓడ ప్రయాణం: మీ ప్రశ్నలకు జవాబులు

క్రూజ్ ప్రయాణాల మీద మీ సందేహాలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో జపాన్ గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ అందరి మనసూ చెర్రీ పూల మీదే ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ప్రయాణానికే ఇస్తున్నాం.

ప్రశ్న: యొకొహామా నుంచి బయల్దేరే ఓడలు మార్చి చివర, ఏప్రిల్ మధ్యలో, ఏప్రిల్ చివర కనిపిస్తున్నాయి. చెర్రీ పూలు కచ్చితంగా కనబడాలంటే ఏది బుక్ చేసుకోవాలండీ? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ 'కచ్చితంగా' అన్న మాట పక్కన పెట్టేయండమ్మా, ఎందుకంటే ఓడ టికెట్ మనం ఆరేడు నెలల ముందే కొంటాం, పూలు ఎప్పుడు విచ్చుకుంటాయో అంచనాలు మొదలయ్యేది జనవరిలో. చలికాలం చలి ఎంత పడింది, మార్చిలో ఎండ ఎంత కాసింది అన్నదాన్ని బట్టి తేదీ వారం అటో ఇటో జరిగిపోతుంది. పైగా జపాన్‌లో ఎక్కువగా కనిపించే సొమెయ్ యొషినో రకం చెట్లన్నీ అంటుకట్టి పెంచినవి, అంటే అన్నీ ఒకే చెట్టు పిల్లలు, అందుకే ఒక ఊళ్లో పూస్తే అన్నీ ఒకేసారి పూస్తాయి, రాలితే ఒకేసారి రాలుతాయి. మొదటి పువ్వు విచ్చుకున్నాక నిండుగా పూయడానికి దాదాపు వారం, ఆ తర్వాత రాలిపోవడానికి ఇంకో వారం పడుతుంది. మధ్యలో గట్టి వాన పడితే అదీ ఉండదు.

ఓడ ప్రయాణంలో ఉన్న లాభం ఏమిటంటే పూత దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, ఓడా కదులుతుంది. కాబట్టి తేదీ ఒక్కటే కాకుండా ఆ తేదీకి ఓడ ఏ రేవుల్లో ఉంటుందో చూడండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అయితే కగొషిమా, కొచి, కోబె, షిమిజు లాంటి దక్షిణ, పసిఫిక్ వైపు రేవులు ఉన్న రూటు తీసుకోండి. ఏప్రిల్ మొదటి పక్షంలో కనజావా బాగుంటుంది, అక్కడి కెన్రొకుఎన్ తోట జపాన్ మూడు గొప్ప తోటల్లో ఒకటి. ఏప్రిల్ చివరికైతే అకితా, అఒమొరి, హకొదాతె. ఏప్రిల్ 25న బయల్దేరి కగొషిమా, నాగసాకి వెళ్లే ఓడ ఎక్కి పూలు లేవని బాధపడితే ఆ తప్పు ఓడది కాదు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఏప్రిల్ చివర ఉత్తరం వైపు వెళ్లే రూటే చెప్తాను, దానికి కారణం హిరొసాకి. అఒమొరి రేవులో దిగి స్టేషన్‌కి వెళ్లి రైలెక్కితే ముప్పావుగంటలో ఆ ఊరు వస్తుంది. కోట చుట్టూ ఉన్న పార్కులో దాదాపు 2,600 చెర్రీ చెట్లు. అఒమొరి ప్రాంతం ఆపిల్ తోటలకు పేరు, ఆపిల్ చెట్ల కొమ్మలు కత్తిరించే పద్ధతినే అక్కడి తోటమాలులు చెర్రీ చెట్లకీ వాడారు, అందుకే వందేళ్లు దాటిన చెట్లు కూడా కొమ్మ కొమ్మకీ గుత్తులు గుత్తులుగా పూస్తాయి. ఇంకో మంచి సంగతి, అక్కడ పూలు రాలిపోయే రోజుల్లో వెళ్లినా నష్టపోరు, కందకం నీళ్లన్నీ రేకులతో కప్పుకుపోయి గులాబీ రంగులో ఉంటాయి, దాన్ని చూడడానికే వచ్చేవాళ్లున్నారు. హకొదాతెలో గొర్యొకాకు అని నక్షత్రం ఆకారంలో కట్టిన కోట ఉంది, పక్కనే ఉన్న టవర్ ఎక్కితే ఆ ఆకారం, దాని నిండా పూలు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో వరసగా సెలవులొస్తాయి, గోల్డెన్ వీక్ అంటారు. మన సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో తెలుసుగా, రైళ్లూ పార్కులూ అలాగే ఉంటాయి. వీలైతే దానికి ముందే తిరిగొచ్చే తేదీ చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాడూ కోడలూ అక్కడి నుంచి, మేమిద్దరం కాకినాడ నుంచి వెళ్లి యొకొహామాలో ఓడ ఎక్కాలని ప్లాన్. మధ్యలో బూసాన్ కూడా ఉంది. జపాన్ ఈ-వీసా తీసుకుంటే సరిపోతుందని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా? (కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం రాసి మంచి పని చేశారు, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. భారతీయులకు ఇచ్చే టూరిస్టు ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికే. మీ ఓడ యొకొహామాలో బయల్దేరి బూసాన్ వెళ్లిందంటే మీరు జపాన్ దాటి కొరియా వెళ్లినట్టే, తిరిగి జపాన్ రేవులోకి వచ్చినప్పుడు అది రెండో ప్రవేశం. కాబట్టి రెండుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో ప్రవేశానికి అనుమతి ఉన్న వీసా అడగాలి. దరఖాస్తుతో పాటు క్రూజ్ బుకింగ్ కాగితం, రోజువారీ రూటు పెట్టి, ఎందుకు రెండుసార్లు ప్రవేశం కావాలో ఒక లేఖలో స్పష్టంగా రాయండి. ఏజెంటు నోటి మాట కాదు, క్రూజ్ కంపెనీ నుంచే 'భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ రూటుకి ఏ వీసాలు కావాలి' అని ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. అదే ఈమెయిల్‌లో కొరియా సంగతీ అడగండి. కొరియాకీ మనకు వీసా కావాలి, కొన్ని ఓడల ప్రయాణికులకు మాత్రం రేవులో దిగి తిరిగి ఎక్కడానికి ప్రత్యేక అనుమతి ఉంటుంది. సరైన కాగితాలు లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, డబ్బూ తిరిగి రాదు.

బూసాన్ అసలెందుకు పెడతారంటే, విదేశీ జెండా ఉన్న ఓడలు జపాన్ రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, అందుకే మధ్యలో ఒక్కసారైనా పరాయి దేశం రేవు తాకాలి. బూసానో, తైవాన్‌లోని కీలుంగో అందుకే దాదాపు ప్రతి రూటులో కనిపిస్తుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. అమెరికా పౌరసత్వం ఉంటే జపాన్‌కి వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉండి పాస్‌పోర్టు మనదే అయితే కావాలి. హెచ్‌1బీ మీద ఉంటే పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు చూసుకోమనండి. గడువు దాటిన స్టాంపుతో కెనడా, మెక్సికో లాంటి పక్క దేశాలకు కొద్దిరోజులు వెళ్లి రావడానికి వీలుంటుంది కానీ జపాన్‌కి ఆ వెసులుబాటు వర్తించదు, అంటే తిరుగు విమానం దగ్గర ఆగిపోతారు.

ప్రశ్న: ఓడవాళ్లు అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్లు (రేవుల్లో దింపి ఊరు చూపించే టూర్లు) చాలా ఖరీదుగా ఉన్నాయి. మేం నలుగురం. సొంతంగా తిరగడమే మేలంటారా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొన్ని రేవుల్లో సొంతంగా, కొన్నింటిలో ఓడవాళ్లతో. ఖరీదు కన్నా ముందు చూడాల్సింది ఓడ ఆగే చోటు నుంచి మీరు వెళ్లాలనుకున్న చోటు ఎంత దూరం, మీ చేతిలో ఎన్ని గంటలున్నాయి అన్నది. ఓడ ఏర్పాటు చేసిన టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్లది. మీరు సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే వెళ్లాలి. పైగా ఓడ కదిలే టైం వేరు, అందరూ లోపల ఉండాల్సిన టైం వేరు, రెండోది అరగంటో గంటో ముందే ఉంటుంది.

నాగసాకిలో ఓడవాళ్ల టూర్ కొనకండి. పెద్ద ఓడలు ఆగే మత్సుగాయె రేవు ఊళ్లోనే ఉంది, ఓరా చర్చి, గ్లవర్ గార్డెన్ నడిచి వెళ్లేంత దగ్గర, అక్కడి నుంచి ట్రామ్ ఎక్కితే పీస్ పార్కు, అణుబాంబు మ్యూజియం వైపు వెళ్లిపోవచ్చు. ముందు అటు వెళ్లి, తర్వాతే మిగతావి చూడండి. 1945 ఆగస్టు 9న పొద్దున 11:02కి జరిగిందాన్ని చూపించే చోటు అది. సాయంత్రం హడావుడిలో పదిహేను నిమిషాల్లో చూసి వచ్చేయకండి.

కోబెలో చాలామంది క్యోటోకి పరుగెత్తుతారు. వెళ్లొచ్చు, రేవు దగ్గరి లోకల్ రైలు పోర్ట్ లైనర్‌లో సన్నొమియా, అక్కడి నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో క్యోటో, రైలు ప్రయాణం దాదాపు 50 నిమిషాలే. కానీ క్యోటో స్టేషన్‌లో దిగాక గుళ్లన్నీ ఊరి నలుమూలలా ఉంటాయి, పూల రోజుల్లో బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, రెండు గుళ్లు చూసేసరికి వెనక్కి తిరగాలి. క్యోటోకి విడిగా రెండు రోజులు పెట్టుకుని, కోబెలో దిగిన రోజు వ్యతిరేక దిశలో హిమెజి వెళ్లండి. అదే లైన్లో 40 నిమిషాలు, స్టేషన్ బయటికి రాగానే నిటారు రోడ్డు చివర కోట కనిపిస్తుంది, దారి అడగాల్సిన పనే లేదు. తెల్లటి కోట, చుట్టూ వెయ్యి దాకా చెర్రీ చెట్లు. సగం రోజులో తిరిగొచ్చి సాయంత్రం కోబెలోని కితానో వీధుల్లో నడవచ్చు. గుజరాతీ, సింధీ వ్యాపారులు తరాలుగా ఉంటున్న ఊరది, కితానోలో జైన మందిరం కూడా ఉంది.

హిరొషిమాలో రేవు ఊరికి దూరం, అయినా షటిల్ బస్సు, రైలు, ఫెర్రీ అంచెలంచెలుగా మియజిమా దీవికి వెళ్లడం సులువే, ఫెర్రీ పది నిమిషాలు. అక్కడ నీళ్లలో నిలబడ్డ పెద్ద గుడి తోరణం ఆటు పోటుల్ని బట్టి మారుతుంది, పోటులో తేలుతున్నట్టు ఉంటుంది, ఆటులో దాని కాళ్ల దాకా నడిచి వెళ్లొచ్చు. ఆ రోజు ఆటుపోట్ల టైములు ముందే చూసుకుని బయల్దేరండి. హిరొషిమా ఊళ్లోని పీస్ పార్కూ మియజిమా రెండూ ఒకే రోజున పెట్టుకోవద్దనే నా సలహా.

షిమిజు నుంచి ఫుజి కొండ దగ్గరికి, అకితా నుంచి కకునొదాతె ఊళ్లోని సమురాయ్ (పాతకాలపు యోధుల) వీధులకు మాత్రం ఓడవాళ్ల బస్సే మంచిది. దూరం ఎక్కువ, ట్రాఫిక్ మన చేతిలో ఉండదు.

ఇంకొక్కటి. బూసాన్ నుంచి తిరిగొచ్చాక తగిలే మొదటి జపాన్ రేవులో ఓడలో ఉన్న విదేశీ ప్రయాణికులకు మళ్లీ వేలిముద్రలు, ఫొటో తీస్తారు. వేలమంది వరసలో ఉంటారు. ఆ పొద్దున ప్రైవేటు టూర్ కానీ, టైం ఫిక్స్ అయిన టికెట్ కానీ పెట్టుకోకండి.

ప్రశ్న: జపాన్ అంతా రైళ్లలో తిరగడానికి పనికొచ్చే జపాన్ రైల్ పాస్ కొనాలా? (బెంగళూరు నుంచి)

జవాబు: వద్దు. 2023 అక్టోబరులో ధర బాగా పెంచారు, ఏడు రోజుల మామూలు పాస్ 50,000 యెన్‌లు అయింది. రాత్రిళ్లు మిమ్మల్ని ఊరి నుంచి ఊరికి మోసేది ఓడే కదా. సుయికా లాంటి ప్రయాణ కార్డులో డబ్బు వేసుకుంటే ఊళ్లో తిరగడానికి చాలు, రేవు ఊళ్లలో కొన్నిచోట్ల కార్డు పనిచేయదు కాబట్టి కొంత నగదూ పెట్టుకోండి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. పదిరోజులు ఎలా? ఇంటి నుంచి పచ్చళ్లు పట్టుకెళ్లొచ్చా? (విజయవాడ నుంచి ఒక గృహిణి)

జవాబు: ఓడలో ఇబ్బంది పడరు. బుకింగ్ అప్పుడే శాకాహారం అని రాయించండి, ఎక్కిన రోజే డైనింగ్ హాల్ పెద్ద వెయిటర్‌కి చెప్పండి, మరుసటి రోజుకి పప్పు, కూర, అన్నం చేయించిపెట్టే ఓడలు చాలానే ఉన్నాయి. టెన్షన్ అంతా రేవులో దిగాకే. జపాన్ వంటలో దాషి అనే రసం అన్నింటికీ పునాది, అది మామూలుగా ఎండుచేప తురుముతో చేస్తారు. చూడ్డానికి టోఫూ, కూరగాయలే కనిపించినా ఆ గిన్నెలో చేప ఉంటుంది. మిసో సూప్ కూడా అంతే. 'మాంసం లేదు' అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, చేపని వాళ్లు ఆ లెక్కలో వేయరు. కాబట్టి చేప, మాంసం, గుడ్డు, దాషి వద్దని జపనీస్‌లో రాసిన చీటీ ఫోన్లో పెట్టుకుని చూపించండి. బౌద్ధ ఆలయాల భోజనం, షొజిన్ ర్యొరి అంటారు, దొరికితే తప్పకుండా తినండి, అందులో రసం సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో చేస్తారు.

పచ్చళ్ల విషయం. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అని చుట్టాలు కట్టించి ఇస్తే మొహమాటపడకుండా వద్దనండి, మాంసం ఉన్నదేదీ జపాన్‌లోకి రానివ్వరు, తెలియదంటే ఒప్పుకోరు. తాజా కరివేపాకు, మామిడికాయలు, పండ్లూ వద్దు. కొట్లో సీల్ చేసిన కందిపొడి, కారప్పొడి ప్యాకెట్లు మేలు. ఓడలో బఫేలో తీసుకున్న అరటిపండు కూడా బ్యాగులో వేసుకుని రేవులో దిగకూడదు.

మందులు కూడా చూసుకోండి. మనం జలుబుకి మామూలుగా వేసుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది, అది 10 శాతం మించితే జపాన్‌లోకి తేవడం నేరం. డాక్టరు రాసిన మందులు నెల రోజులకు సరిపడా చీటీతో సహా పెట్టుకోండి, అంతకు మించితే ముందుగా అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: అమ్మకి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లడం సాహసమా? (విశాఖ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తీసుకెళ్లండి బాబూ, పెద్దవాళ్లకి ఇంతకన్నా సుఖమైన ప్రయాణం దొరకదు, పెట్టె ఒక్కసారి విప్పితే చివరి రోజే మళ్లీ సర్దేది. జపాన్ రేవుల్లో చాలావరకు ఓడ నేరుగా గట్టుకే ఆనుకుంటుంది, చిన్న పడవలోకి దిగే అవస్థ ఉండదు. గ్లవర్ గార్డెన్ కొండ మీద ఉన్నా ఎస్కలేటర్లు, నడిచే బాటలు ఉన్నాయి. మియజిమాలో తోరణం వైపు చదునే. కోటల లోపలికి మాత్రం ఎక్కించకండి, హిమెజి, కొచి కోటల్లో పాతకాలం చెక్కమెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి, కింద చెట్ల దగ్గర కూర్చుంటే అమ్మకి పూలు ఇంకా బాగా కనిపిస్తాయి. కెన్రొకుఎన్‌లో దారులు కంకరవి, మెల్లగా నడిపించండి. వీల్‌చెయిర్ కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి, ఓడ ఎక్కాక అడిగితే దొరకదు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు తక్కువ. ఏప్రిల్ చివర హకొదాతెలో పొద్దున 5 డిగ్రీల దగ్గర ఉండొచ్చు, విశాఖ స్వెట్టర్ చాలదు, గాలి ఆగే కోటు, మోకాళ్ల దాకా వెచ్చటి లోపలి బట్టలు కొనండి. యొకొహామాకి ఒక రోజు ముందే చేరండి, టికెట్ మీద ఏ రేవో కూడా చదవండి. ఓసన్‌బషి ఊరి నడిబొడ్డున ఉంది, బే బ్రిడ్జి కింద పట్టనంత ఎత్తైన ఓడలు దూరంగా దైకొకులో ఆగుతాయి, అమ్మతో, పెట్టెలతో ఒక చోటికి బదులు ఇంకో చోటికి వెళ్తే సగం రోజు టాక్సీలోనే పోతుంది.