డాల్ఫిన్ నోటితో ఊపిరి పీల్చుకోగలదా?

చిలికాలో సాతపడా దగ్గర మీ పడవ పక్కనే ఒక డాల్ఫిన్ తల పైకెత్తి నోరు తెరిచిందనీ, నోటితో గాలి పీల్చుకుందేమోననీ అడిగారు. నాకైతే కాదనే అనిపిస్తోంది. చిలికాలో ఉండేవి ఇరావతి డాల్ఫిన్లు. నీళ్లలోంచి తల బయటపెట్టి చూడటం, నోట్లోంచి నీళ్లు చిమ్మడం వాటికి అలవాటే. మీరు చూసింది అదే అయి ఉంటుంది.

అలాగని "డాల్ఫిన్ నోటితో ఊపిరి పీల్చడం అసాధ్యం" అని ఎవరైనా కొట్టిపారేస్తే నమ్మకండి. అలా పీల్చిన డాల్ఫిన్ ఒకటి ఉంది, అదీ నేనుండే వైపే.

ఉద్యోగరీత్యా న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్నాను. ఇక్కడికి గంటన్నర ప్రయాణంలో అకరోవా అని చిన్న ఊరుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే మేం తీసుకెళ్లే చోట్లలో అదొకటి. అక్కడ పడవెక్కితే హెక్టర్ డాల్ఫిన్లు కనిపిస్తాయి. న్యూజిలాండ్ తీరంలో తప్ప ఇంకెక్కడా లేవు. మీటరున్నర మించని చిన్న ప్రాణులు, వీపు మీది రెక్క గుండ్రంగా ఉంటుంది. ఇంజన్ నెమ్మదించగానే పడవ ముందుకొచ్చి ఈదుతాయి. కమ్మీ పట్టుకుని వంగి చూస్తే "ఫుస్" మని చప్పుడు, నడినెత్తిన రంధ్రం తెరుచుకోవడం, ఠక్కున మూసుకోవడం, అన్నీ రెప్పపాటులో అయిపోతాయి. పాత గాలి వదలడం, కొత్త గాలి పీల్చడం రెండూ అందులోనే. ఆ తుంపర ముఖాన పడిందంటే చేపల కంపు! ఇంత జరిగినా నోటికి దీంతో సంబంధమే ఉండదు.

ఎందుకంటే వాటి గొంతు కట్టడమే వేరు. మనకు గాలి, అన్నం గొంతులో ఒకే దారి పంచుకుంటాయి, అందుకే పొలమారుతుంది (ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టించుకుంటాం). డాల్ఫిన్ స్వరపేటిక పైభాగం బాతు ముక్కులా పొడుగ్గా ఉండి, నెత్తిన ఉన్న రంధ్రానికి వెళ్లే దారిలోకి బిగుసుకుని ఉంటుంది. మింగిన చేప దాని పక్కనుంచి జారిపోతుంది. గాలి దారి గాలిదే, తిండి దారి తిండిదే.

ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ డాసన్ బృందం గమనించిన హెక్టర్ డాల్ఫిన్ మాత్రం పైకి వచ్చినప్పుడల్లా తల మామూలుకన్నా ఎత్తుగా లేపి నోరు తెరిచేది. నెత్తి మీది రంధ్రం తెరుచుకునేది కాదు. 2016లో వాళ్లు ఈ సంగతి ప్రచురించారు. రంధ్రంలో ఏదో అడ్డుపడిందో, దాన్ని తెరిచే కండరాలు పనిచేయడం లేదో అని వాళ్ల ఊహ. బిగుసుకుని ఉన్న స్వరపేటికను కిందికి లాగి, నోటి దారిన గాలి తీసుకుంటోందన్నమాట. నా దృష్టిలో ఇది డాల్ఫిన్ల "కొత్త నైపుణ్యం" కాదు, గత్యంతరం లేక చేసిన పని. స్వరపేటిక పక్కకు జరిగితే తిండి గాలి దారిలో పడే ప్రమాదం ఉంటుంది.

ఆ ప్రమాదం ఎంతటిదో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బన్‌బరీ దగ్గర 2015లో తెలిసింది. గిల్లిగన్ అని పిలిచే మగ బాటిల్‌నోస్ డాల్ఫిన్ ఒడ్డున చచ్చిపడి ఉంది, నోట్లోంచి ఆక్టోపస్ కాళ్లు వేలాడుతున్నాయి. కోసి చూస్తే రెండు కిలోలకు పైగా ఉన్న ఆక్టోపస్ గొంతులో ఇరుక్కుని ఉంది, స్వరపేటిక తన చోటు నుంచి ఊడి ఉంది. ఊపిరాడక చచ్చిపోయింది.

మీ దగ్గర వీడియో ఉంటే స్లో మోషన్‌లో పెట్టి నోరు కాదు, నెత్తి చూడండి. "ఫుస్" మన్నప్పుడు అక్కడి రంధ్రం తెరుచుకుంటే అది మామూలు డాల్ఫినే. వరసగా నాలుగైదుసార్లు పైకొచ్చినా రంధ్రం కదలకుండా ప్రతిసారీ నోరే తెరుస్తుంటే మాత్రం, ఆ క్లిప్ చిలికా అభివృద్ధి సంస్థ వాళ్లకు తేదీ, చోటు రాసి పంపండి.