జావా చరిత్ర చదివితే కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 25. ఎం.ఏ. హిస్టరీ చేశాను. ఇండోనేసియాలోని జావా చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. ‘ఎవరిదో చరిత్ర చదివితే కూడు పెడుతుందా? బీఈడీ చేసి డీఎస్సీ రాయి, లేదంటే పెళ్లి చేసుకో’ అంటాడు మా నాయన. అమ్మ ఏమీ మాట్లాడదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ నాన్నగారు అడిగిన దాంట్లో తప్పేమీ లేదమ్మా. జావా ఎంత గొప్పదో చెబితే ఆయనకు జవాబు దొరకదు. లెక్క చెప్పండి. లెక్చరర్ ఉద్యోగాలకు, పరిశోధన ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష అయిన నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. వయోపరిమితి 30 ఏళ్లే అయినా మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. నెట్ పాసైతే డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకూ దారి తెరుచుకుంటుంది. ఆయనకు కావలసిన మాట ఇదే.

‘ఒక్క ఏడాది టైమివ్వు నాయనా, రెండుసార్లు రాస్తాను’ అని అడగండి. బీఈడీ చేయనని తెగేసి చెప్పొద్దు. ఫెలోషిప్ రాకుండా ఇంటి డబ్బుతో పీహెచ్‌డీ మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను. నెట్‌లో వచ్చేది ఎక్కువగా భారతదేశ చరిత్రే కాబట్టి ఈ ఏడాది జావాను కాస్త పక్కన పెట్టక తప్పదు.

ఇక టాపిక్. జావా మీద పనిచేయాలంటే ఇండోనేసియా భాష రావాలి, వలస పాలన కాలమైతే డచ్ కూడా కావాలి. దగ్గర్లో గైడ్ దొరకడమూ కష్టమే. కానీ మన సీమ నుంచే ఒక దారి ఉంది. మన పల్లెల కైఫియత్తులు (ఊళ్ల స్థానిక చరిత్రలు) రాయించిన ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1811లో బ్రిటిష్ సైన్యంతో జావా వెళ్లి, అక్కడా రాతప్రతులు సేకరించాడు. కడపలోని బ్రౌన్ గ్రంథాలయంలో కైఫియత్తులు చూసి రండి. ఈ రెండు సేకరణలనూ పోల్చే అంశం తీసుకుంటే గైడ్‌ను ఒప్పించడం తేలిక. కైఫియత్తులు చదవడానికి తెలుగు మీకు ఎలాగూ వచ్చు.

పెళ్లి సంబంధాలు వస్తే పీహెచ్‌డీ సంగతి మొదటి మాటల్లోనే చెప్పించండి. పెళ్లయ్యాక చూద్దామనేవాళ్లను నమ్మొద్దు. పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు అదనంగా ఇచ్చే వీలుంది. ఈ సంగతి అమ్మకు విడిగా చెప్పండి. ఆమె భయం ఏమిటో కూడా అప్పుడే అడగండి.

నిద్ర పట్టకపోవడం ఇలాగే ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.