టెక్ సందేహాలు: సాగర్ గేట్ల ఫొటోలో తెల్లబోయిన నురగ ఎడిటింగ్‌తో తిరిగి వస్తుందా?

ప్రశ్న: నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కింది వంతెన మీద నుంచి డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫొటోలు తీశాను. నురగంతా ఏ వివరమూ లేకుండా తెల్లగా వచ్చింది. ఫోన్‌లో ఎడిట్ చేసి ఆకాశాన్ని ముదురు చేస్తే అందులో చారలు పడుతున్నాయి, కొండల అంచుల వెంట తెల్లటి గీత కనిపిస్తోంది. సోమశిలలో తెల్లవారుజామున తీసిన పొగమంచు ఫొటోలేమో మసకబారి ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తెల్లబోయిన నురగ, మసకబారిన మంచు – ఈ రెండు ఇబ్బందులూ సాఫ్ట్‌వేర్ కంటే ముందే, కెమెరా మీట నొక్కిన క్షణంలోనే మొదలయ్యాయి. కెమెరాలోని లైట్ మీటర్ ఎదురుగా ఉన్నది నల్లరాయో తెల్లని నురగో గుర్తించి కొలవదు. ఫ్రేమ్ మొత్తం సగటున మధ్యస్థమైన బూడిద వెలుగులో ఉండాలన్నట్టుగా లెక్క వేస్తుంది. సాగర్‌లో మీ ఫ్రేమ్‌ను ఎక్కువగా తడిసిన రాళ్లు, ముదురు కొండలు ఆక్రమించి ఉంటే అది వెలుగును పెంచుతుంది, నురగ హద్దు దాటిపోతుంది. సోమశిలలో శ్రీశైలం వెనుక జలాల మీద పరుచుకున్న మంచు ఫ్రేమంతా నిండితే అదే మీటర్ వెలుగును తగ్గిస్తుంది, తెల్లని మంచు బూడిద రంగుకు దిగుతుంది.

ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పైమెట్టు 255కు చేరిన చోట నీటి ఆకారం నమోదే కాలేదు కనుక ఏ స్లైడరూ దాన్ని తేలేదు. ఆకాశంలో చారలకు కారణం కూడా ఈ కొద్ది మెట్లను సాగదీయడమే. సెన్సార్ నమోదు చేసిన వివరాలను కెమెరా దిద్దకుండా దాచే ఫైల్‌ను రా (RAW) అంటారు. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు ఉంటాయి కనుక ఇకపై రాలోనే తీయండి. ప్లేబ్యాక్‌లో, వెలుగు హద్దు దాటిన చోట్లను మినుకుమనిపించే హైలైట్ అలర్ట్ ఆన్ చేసి, నురగ మినుకుమనడం ఆగేదాకా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటర్ లెక్కను పెంచే, తగ్గించే అమరిక) మైనస్ వైపు తిప్పి మళ్లీ తీయండి. కొండ నల్లగా కనిపించినా భయపడనక్కరలేదు, రా ఫైల్‌లో నీడలను తరువాత చాలావరకు పైకి తేవచ్చు. తెరపై హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) జేపెగ్ నమూనాను బట్టి గీసినది కాబట్టి రాలో ఇంకా కొంచెం వెసులుబాటు ఉంటుంది.

కొండ అంచున తెల్ల గీత స్ట్రక్చర్, హెచ్‌డీఆర్ వంటి స్లైడర్లను అతిగా జరపడం వల్ల వస్తుంది. వాటిని తగ్గించి, ఆకాశానికి మాత్రమే గ్రేడియంట్ మాస్క్ (మార్పును ఒక భాగానికే పరిమితం చేసి, అంచున క్రమంగా తగ్గించే పొర) వేసి ముదురు చేయండి. పాత ఫొటోల్లో పోయిన నురగను కృత్రిమ మేధతో నింపే సదుపాయాలు ఇప్పుడు ఉన్నాయి గానీ, నేను వాటిని సిఫారసు చేయను. అలా పుట్టిన నీరు ఆ రోజు మీ కళ్ల ముందు దూకిన కృష్ణ కాదు.

సోమశిలలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ వైపు తిప్పండి. ఎడిటింగ్‌లో మంచు మసకను తొలగించే డీహేజ్ జోలికి పోవద్దు, ఎందుకంటే మీరు అంత పొద్దున వెళ్లింది ఆ మంచు కోసమే. రంగుల ఛాయను కెమెరాయే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ తొలి వెలుగులోని రంగును దిద్ది చప్పబరచవచ్చు; డేలైట్‌కు మార్చి చూడండి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితమే. మాస్కుల కోసం నేను డార్క్‌టేబుల్ వైపే మొగ్గుతాను, అయితే అది అలవాటు కావడానికి ఓపిక కావాలి. ఫోన్‌లోనే పని కావాలంటే స్నాప్‌సీడ్ యాప్ డీఎన్‌జీ రకం రా ఫైళ్లను తెరుస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో నిండుగా కనిపించే రంగులు వాట్సాప్‌లో పంపగానే వెలిసిపోతున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: మీ ఫైల్ అడోబ్ ఆర్‌జీబీ రంగుల పరిధిలో సేవ్ అవుతూ ఉండవచ్చు; చాలా యాప్‌లు దానికంటే చిన్నదైన ఎస్‌ఆర్‌జీబీ పరిధినే ఊహించుకుంటాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుని, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు కుదింపు కూడా ఉండదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో తీసిన చోటి జీపీఎస్ వివరాలు కూడా ఫైల్‌తోపాటు వెళ్లవచ్చు కనుక, ఇంటి దగ్గర తీసినవైతే ముందుగా లొకేషన్ తొలగించండి.