ఆ ఫొటోలు ముందే మీ ఆవిడకు చూపించాల్సింది

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 36 ఏళ్లు, ఐరన్, సిమెంటు వ్యాపారం. పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. చదువుకునే రోజుల నుంచి స్పోర్ట్స్ కారు కొనాలని కోరిక. బెంగళూరులో ఒక డీలర్ దగ్గర 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. యాక్సిడెంటై రిపేరు చేసిన బండి కాబట్టి 28 లక్షలకే ఇస్తానన్నాడు. 50 వేలు అడ్వాన్సు కట్టేశాను. ఇంట్లో మాత్రం ‘సింగిల్ ఓనర్ బండి’ అని చెప్పి ఊరుకున్నాను. డీలర్ పంపిన పాత ఫొటోలు మా ఆవిడ నా ఫోన్లో చూసింది. ముందు భాగం నుజ్జునుజ్జయి, ఎయిర్‌బ్యాగులు బయటికి వేలాడుతున్నాయి. ‘నీకు గుర్తు లేదా?’ అని ఒక్క మాట అడిగి, అప్పట్నుంచి మాట్లాడటం లేదు. అమ్మేమో బండిని కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి పూజ చేయిస్తే దోషాలన్నీ పోతాయంటోంది. మా మామతో చెప్పిస్తే మా ఆవిడ ఒప్పుకుంటుందని నా ఆశ. ఆరేళ్ల కిందట మా బామ్మర్ది గుత్తి దగ్గర హైవే మీద కారు ప్రమాదంలో పోయాడు. ఈ బండి కొనమంటారా, వద్దంటారా?

జవాబు: వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు మీ మామగారి సంగతి. కొడుకును కారు ప్రమాదంలో పోగొట్టుకున్న మనిషి చేత, గుద్దుకున్న కారు కొనడానికి ఒప్పుకోమని కూతురికి చెప్పించాలనుకుంటున్నారు. రాసేటప్పుడు మీకు తట్టి ఉండదు. దయచేసి ఆయనకు ఫోన్ చేయకండి.

బామ్మర్ది మాట మీరు ఉత్తరం చివర్లో, పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. మీ ఆవిడ అడిగింది అతని గురించే. కర్నూలుకు పోవాలన్నా, హైదరాబాదుకు పోవాలన్నా మీరంతా గుత్తి దాటాల్సిందే కదా. ఆ చోటు వచ్చినప్పుడు ఆమె ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? కళ్లు మూసుకుంటుందా, పిల్లల వైపు తిరిగి ఏదో మాట్లాడుతుందా? ఆరేళ్లలో ఈ విషయం మీ ఇద్దరి మధ్య ఒక్కసారైనా నోరు విప్పి మాట్లాడుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ నుజ్జయిన బానెట్ చూసేసరికి ఆమెకు ఎవరు కనబడి ఉంటారో నేను చెప్పక్కర్లేదు. పైగా అది మీ నోటితో తెలియలేదు, ఫోన్లో దొరికింది. ‘సింగిల్ ఓనర్’ అన్నది నిజమే కావచ్చు. మిగతాది చెబితే ఆమె ఏమంటుందో మీకు ముందే తెలుసు కాబట్టే అంతవరకే చెప్పి ఆపారు.

ఇక బండి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయంటే దెబ్బ గట్టిదే. ఒకసారి తెరుచుకున్నవి మళ్లీ పనికిరావు. బ్యాగులు, సీటుబెల్టును బిగించే ప్రిటెన్షనర్లు కొత్తవి వేయాలి, వాటిని పనిచేయించే కంట్రోల్ యూనిట్ మార్చడమో రీసెట్ చేయడమో జరగాలి. అంత ఖర్చు ఎందుకని, లోపల ఏమీ పెట్టకుండానే డ్యాష్‌బోర్డుకు పైపై కవరు అతికించి, వార్నింగ్ లైటు వెలగకుండా చిన్న రెసిస్టర్ తగిలించేవాళ్లున్నారు. బండి స్టార్ట్ చేస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. బిల్లులు, పార్టు నంబర్లు చూపించమంటే మాత్రం మాట దాటేస్తారు.

డీలర్‌ను అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకోటి ఉంది: ఇన్సూరెన్సు కంపెనీ రిపేరుకు డబ్బిచ్చిందా, బాగుచేయించడం దండగని టోటల్ లాస్ కింద తేల్చేసిందా? రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. అలాంటి బండ్లను తుక్కు ధరకు వేలంలో కొని, బాగుచేసి, ‘చిన్న యాక్సిడెంటు సార్’ అని అమ్మేస్తారు. దెబ్బ ఎంతో లెక్కగట్టిన ఇన్సూరెన్సు సర్వే రిపోర్టు కాపీ ఇవ్వను అన్నాడంటే ఇక అక్కడ మాట్లాడాల్సింది లేదు.

అసలు యాక్సిడెంటే కాని మస్టాంగయినా మీ ఇంటికి నప్పుతుందా? 2017 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఈ కారుకు 5కి 2 స్టార్లే వచ్చాయి. వెనక సీట్లో కూర్చున్న వాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, రక్షణ సరిపోదని తేలింది. ఇరుకైన ఆ వెనక సీట్లో మీ బాబు, పాపే కదా కూర్చునేది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఈ బండి ఎటూ పూర్తిగా దిగుమతి బాపతే కాబట్టి, హెడ్‌లైటు పగిలినా విదేశం నుంచి రావాలి. కర్ణాటక నంబరు కనుక అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ టాక్సు వేరే. అప్పట్లో 65 లక్షల బండికి ఆ టాక్సు వేలల్లో తేలదు.

కారు పిచ్చిని నేను తక్కువ చేయను. సంపాదించే మగవాడికైనా ఆడదానికైనా, కేవలం తన సంతోషం కోసం ఒక ఖర్చు ఉండొచ్చు. మనవైపు అది బంగారమైతే, పొలమైతే ఎవరూ ఏమీ అనరు, కారంటేనే అందరికీ తలనొప్పి. కాబట్టి కోరికను చంపుకోమనడం లేదు. ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు కారుతో మొదలుపెట్టకండి. ‘వాడి గురించి నేనెప్పుడూ నిన్ను అడగలేదు’ అని మొదలుపెట్టండి. ఆమె ఏడిస్తే ఆపమనకండి, తిడితే పడండి. తర్వాత దాచానని ఒప్పుకోండి, ‘నువ్వు భయపడతావని’ అంటూ తప్పును ఆమె మీదకు నెట్టకుండా. అమ్మతో కూడా మీరే చెప్పండి, పూజ మాట కోడలి ముందు ఎత్తొద్దని. పెద్దావిడ మంచికే అంటోంది గానీ, ఆ మాట ఇప్పుడు పుండు మీద కారమే.

అడ్వాన్సు వెనక్కి అడగండి. యాక్సిడెంటు సంగతి డీలర్ ముందే చెప్పాడు కాబట్టి ఇవ్వనంటాడేమో. ఇవ్వకపోతే పోనీండి, 50 వేల కోసం ఇంకో 27 లక్షల 50 వేలు పెట్టలేరు కదా. అడ్వాన్సు కట్టిన సంగతి మీ ఆవిడకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే, అది కూడా ఆ కూర్చున్నప్పుడే చెప్పేయండి.