ఇంట్లో చదువు చెప్పండి, ఇంట్లో బడి పెట్టకండి

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బడి అంటే భయపడుతోందని నాలుగు నెలల క్రితం మాన్పించాం. నేను ఉద్యోగం మానేసి ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా టైంటేబుల్ ప్రకారం కూర్చోబెడుతున్నా రోజూ ఏడుపుతోనే ముగుస్తోంది. సిలబస్ ప్రకారం నేనే చెప్పడం, ఆన్‌లైన్ తరగతులు, పిల్లల ఇష్టానికి వదిలేసే అన్‌స్కూలింగ్... ఈ మూడింటిలో ఏది మేలు? ఎడిసన్ కూడా ఇంట్లోనే చదువుకున్నాడని మావారు ధైర్యం చెబుతున్నారు. కానీ రేపు కాలేజీలో సీటు రాకపోతే?
- ఒక తల్లి

జవాబు: మూడింటిలో ఏది మేలని అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి మాట. నా నిర్ణయం వల్ల నా బిడ్డ నష్టపోతుందేమో అన్న భయం. బడి మాన్పించిన తల్లిదండ్రులు దాదాపు అందరూ ఏదో ఒక రూపంలో నన్ను ఇదే అడుగుతారు. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. తొమ్మిదేళ్ల వయసులో నాలుగు నెలల చదువు అటూ ఇటూ అయినందుకు కాలేజీ సీటు పోయినవాళ్లను నేను చూడలేదు. ఏడాది ఇంట్లో చదివి, కుదరక మళ్లీ బడిలో చేరి బాగా చదువుకున్న పిల్లలను మాత్రం చూశాను. తిరిగి బడికి పంపాల్సి వచ్చినా మీరు ఓడినట్టు కాదు.

ఇక కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. బడికి భయపడిన పిల్లను ఇంటికి తెచ్చి, అదే బడిని హాల్లో పెట్టారు. పైగా అక్కడ పక్కన కూర్చునే స్నేహితురాలైనా ఉండేది, ఇక్కడ ఆమె కూడా లేదు. ఇంతకుముందు టీచరు కోప్పడితే ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకునేది. ఇప్పుడు టీచరూ అమ్మే, పరీక్ష పెట్టేదీ అమ్మే. ఎవరికి చెప్పుకోవాలి? ఆ ఏడుపు లెక్కల మీద కోపం అనుకుంటున్నారేమో, కాదు.

బడిలో ఏడు గంటలంటే ఏడు గంటల చదువు కాదు. హాజరు, వరుసలు, మిగతా పిల్లలు రాయడం పూర్తయ్యేదాకా ఎదురుచూడటం, అన్నీ అందులోనే. ఒక్క పిల్లకు ఎదురుగా కూర్చుని చెప్పేటప్పుడు ఆ వయసుకు రెండు, రెండున్నర గంటలు చాలు, అదీ ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముక్కలుగా. ఒకరికి ఒకరుగా చెప్పించుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాశారు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనిపించలేదు, కానీ లాభం మాత్రం కనిపించింది. ఆ లాభం మీ చేతిలో ఉంది. దాన్ని గంటల లెక్కలో ముంచేయకండి.

అన్‌స్కూలింగ్ విషయానికి వద్దాం. ఇప్పుడు ఎక్కడ చూసినా దాని వీడియోలే. ఈ మాటను 1970లలో అమెరికా విద్యావేత్త జాన్ హోల్ట్ తెచ్చారు. భయం నేర్చుకోవడాన్ని చంపేస్తుందన్న ఆయన గమనింపుతో నాకు పేచీ లేదు. నా అనుమానమల్లా ఆ పేరుతో నడిచే నిర్లక్ష్యం మీద. చరిత్రలో ఒక అధ్యాయం వదిలేసినా తర్వాతిది అర్థమవుతుంది. లెక్కలు అలా కాదు. భిన్నాలు రాకుండా బీజగణితం రాదు. 'ఇష్టం పుట్టినప్పుడు నేర్చుకుంటాడులే' అని ఆగి, పద్నాలుగేళ్ల కుర్రాడిని నా ముందు కూర్చోబెట్టిన తల్లిదండ్రులు ఉన్నారు. ఇష్టం పుట్టింది, ఇంజినీరింగ్ మీదే పుట్టింది, భిన్నాల కూడిక దగ్గరే ఆగిపోయాడు. చదవడం రాకపోతే మరీ ప్రమాదం: తెలివి ఉన్నా అక్షరాలు, పదాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటి ఇబ్బంది ఉన్నా 'తన వేగంలో తాను' అన్న మాట వెనుక ఏళ్లతరబడి కనబడకుండా ఉండిపోతుంది. వీడియోలో కనిపించే ఆ ఆనందం వెనుక రోజంతా పిల్లల వెంటే ఉండి, ప్రతి ప్రశ్ననూ అందుకుని పుస్తకం దాకా తీసుకెళ్లే పెద్దవాళ్లు ఉంటారు. వదిలేయడం కన్నా అది చాలా కష్టమైన పని.

ఎడిసన్ సంగతి కూడా మీవారితో చెప్పండి. ఆయనకు చదువు చెప్పిన తల్లి నాన్సీ అంతకుముందు టీచరుగా పనిచేసినావిడ. పనిలో పనిగా మీవారిని ఒక్క లెక్కల పాఠమైనా చెప్పమనండి. ధైర్యం చెప్పడం తేలికే.

ఆన్‌లైన్ తరగతుల గురించి ఎక్కువ చెప్పను. మీకు రాని విషయానికి వారంలో ఒకటి రెండు సరే, రోజంతా అయితే అది స్నేహితులు లేని బడి.

మరి మీరేం చేయాలి? రెండు వారాలు పాఠాలు ఆపండి. కథలు చదివి వినిపించండి, అంతే. ఆ తర్వాత లెక్కలు, చదవడం, రాయడం... ఈ మూడూ రోజూ క్రమం తప్పకుండా. మిగతాది పాప ఆసక్తిని బట్టి. టేపు ఇచ్చి మీ ఇంటి పటం గీయమనండి. మీటరుకు రెండు సెంటీమీటర్లు అనుకుంటే భిన్నాలు, చుట్టుకొలత, వైశాల్యం వాటంతట అవే వస్తాయి. కొలత తప్పితే మంచం గోడ దాటి వీధిలో పడుతుంది. ఆ తప్పు మీరు చూపించనక్కర్లేదు, తనే చూసుకుని నవ్వుతుంది. నేర్చుకున్నది మర్నాడు, వారానికి, నెలకు ఒకసారి పుస్తకం మూసి చెప్పమనండి. మరచిపోవడం మొదటి గంటల్లోనే ఎక్కువని 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. అది పరీక్షలా కాక, నాన్నకు పాఠం చెబుతున్నట్టు ఉంటే చాలు. స్నేహితులు మాత్రం మీరు వెతికి పెట్టాల్సిందే: నెలకో కొత్త గుంపు కాదు, ప్రతి వారం కలిసే అవే ముఖాలు.

కాలేజీ కోసం ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, తను చేసిన పనిని తేదీలతో ఒక ఫైలులో దాచడం. నిబంధనలు దేశానికొక తీరు. జర్మనీలో బడికి వెళ్లడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యా చట్టం ఇంటి చదువుకూ చోటిచ్చింది. మీరున్న చోట చట్టం ఏమంటుందో ఈ వారమే కనుక్కోండి. ప్రైవేటుగా పరీక్ష రాయనిచ్చే బోర్డు ఏది, దాని సర్టిఫికెట్‌ను కాలేజీలు ఒప్పుకుంటాయా అన్నది పాపకు పన్నెండేళ్లు వచ్చేలోపు రాతపూర్వకంగా తేల్చుకోండి. పదిహేనో ఏట పరుగెత్తుకొచ్చేవాళ్లకు నేను చేయగలిగింది తక్కువ.

ఆ గోడమీది టైంటేబుల్‌ను మాత్రం ఈ రోజే తీసేయండి. పాప చేతే తీయించండి.