బస్సా, బయటి హాస్టలా, క్యాంపస్ గదా? మొదటి ఏడాది గురించి నా అనుభవం

కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి మహబూబ్‌నగర్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరబోతున్న చెల్లెమ్మ తన ముందున్న దారులను వివరించి, ఏది మేలో చెప్పమని అడిగారు. రోజూ ఉచిత బస్సులో వచ్చి పోవడం ఒకటి, పట్టణంలో ప్రైవేటు హాస్టల్‌లో ఉండడం ఇంకొకటి. క్యాంపస్‌లోనే ఉంటే, పాత బ్లాకులో తెలియని ఇద్దరితో కలిసి ముగ్గురి గది తీసుకోవడమో, కొత్త బ్లాకు పై అంతస్తులో ఇంటర్ స్నేహితురాలితో ఇద్దరి గది తీసుకోవడమో తేల్చుకోవాలి. పాత బ్లాకులోని ముగ్గురి గదినే తీసుకోమని నా సలహా. ఎందుకో చెబుతాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. 2016లో మా జిల్లాలోనే ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చేరి, మీరు చెప్పిన అన్ని రకాల వసతులలోనూ ఉన్నాను. మొదటి రెండు నెలలు ఇంటి నుంచే తిరిగాను. అప్పుడు మాకు బస్సు పాసు ఉండేది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడపిల్లలకు టికెట్ ఖర్చే లేదు కనుక, ఇంట్లోనే ఉండి చదువుకోమని మీ నాన్నగారు అనడం సహజమే. అయితే ఆ పథకం డబ్బును మిగుల్చుతుంది గానీ, పోను రెండు గంటలు, రాను రెండు గంటలు అన్న లెక్కను మార్చదు. రోజుకు ఆరు పీరియడ్లు ఉండి, బస్సు ఆలస్యం వల్ల మొదటిది రోజూ పోతూ ఉంటే, హాజరులో ఆరో వంతు అక్కడే తగ్గిపోతుంది. 75 శాతం హాజరు తప్పనిసరి అయినచోట, జ్వరానికీ పండుగలకూ దగ్గరివాళ్ల పెళ్లిళ్లకూ మిగిలేది ఎనిమిది శాతమే. నేను రెండు నెలలకే ఆ గీత దగ్గరికి వచ్చాను.

ఆ తర్వాత సెమిస్టర్ పూర్తయ్యేవరకు పట్టణంలోని ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో ఉన్నాను. గదికి ఆరుగురం ఉండేవాళ్లం, అందరివీ వేర్వేరు కాలేజీలు. తిండి పర్వాలేదు. ఒక అక్టోబరు రాత్రి నాకు చలిజ్వరం వచ్చింది. యజమాని వేరే ఇంట్లో ఉంటారు, పదింటికే గేటుకు తాళం పడుతుంది, ఫోను చేస్తే ఎత్తలేదు. తెల్లారి మా నాన్న ఊరి నుంచి వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండేళ్ల తర్వాత క్యాంపస్ హాస్టల్‌లో మా గదిలోని అమ్మాయికి అదే పరిస్థితి వచ్చినప్పుడు, కేర్‌టేకర్‌ను లేపడానికి పట్టింది రెండు నిమిషాలు, కళాశాల జీపు బయలుదేరడానికి మరో పది నిమిషాలు. ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టుకొని చూసే నేను క్యాంపస్ అంటున్నాను. బయటి హాస్టళ్లన్నీ చెడ్డవని నా మాటకు అర్థం కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో కొత్త ఊళ్లో రాత్రిపూట ఎవరిని పిలవాలో తెలిసి ఉండడం చాలా అవసరమని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఇక స్నేహితురాలి సంగతి. రెండో సెమిస్టర్‌లో క్యాంపస్‌లోకి మారినప్పుడు నేను కూడా మా పక్క ఊరి స్నేహితురాలితో ఇద్దరి గదే కోరుకున్నాను. ఇద్దరం కలిసి తిన్నాం, శనివారం కాగానే కలిసి ఊరికి పోయాం, రాత్రి తలుపు వేసుకొని మా ఊళ్ల ముచ్చట్లే చెప్పుకున్నాం. ఆ నాలుగు నెలల్లో పక్క గదివాళ్ల పేర్లు కూడా మాకు సరిగా తెలియలేదు. గణితం ఇద్దరికీ రాదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు, ఇద్దరం అదే పేపరులో తప్పాం. రెండో సంవత్సరం కేటాయింపులో గద్వాల అమ్మాయి, నారాయణపేట అమ్మాయి, నేను ఒక గదిలో పడ్డాం. గద్వాల అమ్మాయి లెక్కలు చెప్పేది. ఇంట్లో కన్నడం మాట్లాడే నారాయణపేట అమ్మాయికి నేను తెలుగులో దరఖాస్తులు రాసిపెట్టేదాన్ని. మిగిలిపోయిన ఆ గణితం పేపరు నేను గట్టెక్కింది ఆ గదిలోనే. మీ స్నేహితురాలు అదే బ్లాకులో వేరే గదిలో ఉంటే స్నేహానికి ఏమీ కాదు, ఇద్దరికీ చెరి ఇద్దరు కొత్తవాళ్లు పరిచయమవుతారు.

పై అంతస్తు గది వద్దనడానికి ఇంకో కారణం ఎండ. మీరు చేరే ఆగస్టు, సెప్టెంబరులలో వాన, చల్లగాలి ఉంటాయి కనుక పై గది హాయిగా కనిపిస్తుంది. మన పాలమూరు, నల్లగొండలలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాటినా వేడి వదలదు, పరీక్షలు దగ్గరపడేదీ అప్పుడే. పడమటి గోడ ఉన్న గది కూడా అంతే. నేల అంతస్తులో దోమలు ఎక్కువ. మధ్య అంతస్తులో తూర్పు వైపో ఉత్తరం వైపో ఉన్న గది, స్నానాల గదులకు మరీ ఆనుకొని లేనిది దొరికితే వదులుకోకండి.

నీళ్ల విషయం మా మర్రిగూడ వాళ్లం ఎక్కడికి పోయినా మొదట అడుగుతాం, ఎందుకంటే ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో మా ఇళ్లలోనే చూశాం. తాగే కుళాయికి వచ్చేది మిషన్ భగీరథ నీరా, ఆర్‌ఓ ప్లాంటు నీరా, నేరుగా బోరు నీరా అని వార్డెన్‌ను అడగడానికి మొహమాటపడకండి. బోరు నీటిని కాచి తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాచడం వల్ల క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. ఆర్‌ఓ ప్లాంటు ఉందంటే, అది పనిచేస్తున్నదా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు అన్నది కూడా అడగండి.

ఖర్చు గురించి కొద్దిగా చెబుతాను. చాలా క్యాంపస్ మెస్‌లలో డివైడింగ్ పద్ధతి ఉంటుంది. అంటే నెల మొత్తం ఖర్చును తిన్నవాళ్ల మీద పంచుతారు, కాబట్టి బిల్లు నెలనెలా మారుతుంది. ఊరికి పోయిన రోజులకు మెస్ కట్ ఇస్తారా, ఎన్ని రోజుల ముందు రాసివ్వాలి అన్నది తెలుసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైటు ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు హాస్టలర్‌గా ఉంటున్నారో, డే స్కాలర్‌గా ఉంటున్నారో సరిగా నింపాలి, వసతికీ తిండికీ ఇచ్చే మెయింటెనెన్స్ మొత్తం దానిని బట్టి మారుతుంది. ఆ సొమ్ము వచ్చేలోగా రెండు మూడు నెలల మెస్ బిల్లు చేతిలో ఉండేలా నాన్నగారితో ముందే మాట్లాడుకోండి.

ర్యాగింగ్ భయం గురించి కూడా అడిగారు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మొదటి సంవత్సరం వాళ్లకు వీలైనంతవరకు వేరే బ్లాకు ఇవ్వాలి, అలా కుదరనిచోట సీనియర్ల రాకపోకల మీద వార్డెన్, కాపలా సిబ్బంది నిఘా ఉండాలి. మీరు చెప్పిన పాత బ్లాకు అచ్చంగా మొదటి సంవత్సరం వాళ్లదేనా అని కనుక్కోండి. అలా అయితే అదొక్కటే చాలు, గోడలు పాతవైనా ఆ బ్లాకునే ఎంచుకోవడానికి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరును ఇప్పుడే ఫోనులో దాచుకోండి.

రిపోర్టింగ్‌కు వెళ్లిన రోజు మధ్యాహ్నమే పని ముగించుకొని తిరుగు బస్సు ఎక్కకండి. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని, అనుమతి తీసుకొని, సాయంత్రం ఏడు గంటలకు ఆ రెండు బ్లాకులూ తిరిగి చూడండి. అప్పటికి కారిడార్‌లో లైట్లు వెలుగుతున్నాయో లేదో, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో, మెస్‌లో ఏం వడ్డిస్తున్నారో, కేర్‌టేకర్ తన గదిలో ఉన్నారో లేదో మీకే కనిపిస్తుంది. అక్కడున్న అమ్మాయిలను నలుగురిని పలకరించి, రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఇక్కడ ఎవరిని లేపుతారని అడగండి. తడుముకోకుండా ఒకే పేరు చెప్పారంటే, ఆ బ్లాకుకే ఫారం నింపి ఇచ్చి రండి.